ముసురులో వేసిన వార్నిష్

బొమ్మలక్క పనిశాల గుమ్మం ముందు మేనమామ బూట్లు విప్పుతుండగా పోయినసారి కథ ఆగింది. పై వాటాలో ఉండే అక్కగారిని, అంటే బొమ్మలక్క తల్లిని, చూడటానికి ఆయన ఏడాదికి రెండుసార్లు వస్తాడు గానీ, వెనక మెట్ల మీదుగా వచ్చి అటే పోతాడు. కింద ముందుగదిలో ఉన్న పనిశాలలో అడుగుపెట్టడం పదహారేళ్లలో ఇదే మొదలు. ఆ రెండు పూటలూ బొమ్మలక్క ఏదో వంకన ఇంట్లో లేకుండా పోయేది. ఈసారి మాత్రం ఆమే ఫోన్ చేసి రమ్మంది.

వెనకటి సంగతి మరిచినవాళ్ల కోసం నాలుగు మాటలు. బొమ్మలక్క అన్నది ఊరు పెట్టిన పేరు. ఇళ్లు కట్టేవాళ్లకు నమూనాలు చేసిపెట్టడం, పాతవాటిని బాగుచేయడం ఆమె పని. ఆ విద్య తండ్రి చేతిలోంచి వచ్చింది. ఆయన మేనమామగారి పడవల కార్ఖానాలో పెద్ద మేస్త్రీ. ఏ లాంచీ కట్టాలన్నా ముందు ఆయన మూరెడు పొడుగు నమూనా చేసేవాడు. దాన్ని చూసి అసలుది కట్టేవారు. అలా కట్టిన లాంచీ ఒకటి పదహారేళ్ల కిందట వానాకాలంలో, ఈదురుగాలికి నడి ఏట్లో ఒరిగి తిరగబడింది. పదకొండు మంది పోయారు. పైన ఇంకో అంతస్తు ఉండబట్టే బరువు ఆగలేదని విచారణలో తేలింది. ఆ అంతస్తు ఎవరి ఆలోచన అని అడిగితే, మేనమామ నమూనాను తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా బావ చేసిచ్చినట్టే కట్టాం అన్నాడు. చూస్తే నమూనాకు రెండు అంతస్తులున్నాయి. పైది నేను చెయ్యలేదని తండ్రి నెత్తీనోరూ కొట్టుకున్నా, ఎదురుగా కనిపిస్తున్నదాన్ని కాదనేదెవరు? మేనమామ దగ్గర కూలి తీసుకునే పనివాళ్లెవరూ నోరు విప్పలేదు. ఆయన్ను పనిలోంచి తీసేశారు. వీధిలో మనుషులు పక్కకు తప్పుకుని నడిచారు. రెండేళ్లు ఆ బరువు మోసి, మంచం పట్టి పోయాడు.

అదే నమూనా ఇప్పుడు బొమ్మలక్క బల్ల మీదికి వచ్చింది. రేవు మ్యూజియంలో ఆ పదకొండు మంది జ్ఞాపకార్థం ఒక హాలు తెరుస్తున్నారు. కొత్తగా వచ్చిన మ్యూజియం ఆవిడ, విచారణ కార్యాలయంలో మూలపడి ఉన్న ఆ నమూనా పడవను వెతికి పట్టుకుంది. దాని మీది వార్నిష్ పాలు ఒలికినట్టు తెల్లబడి, అంచుల్లో పచ్చబడి, కింద ఏ రంగుందో తెలియకుండా ఉంది. అది తీసిపెట్టమని ఆవిడ బొమ్మలక్కను అడిగింది, ఆమె ఎవరి కూతురో తెలియకుండానే. పడవ కింద పెట్టబోయే బోర్డు కూడా చూపించింది. "పదకొండు ప్రాణాలు తీసిన తప్పుడు నమూనా. చేసినవాడు: కార్ఖానా పెద్ద మేస్త్రీ." ఆదివారం హాలు తెరుస్తారు. రిబ్బను కత్తిరించేది రేవు భద్రతా సంఘం అధ్యక్షుడు. ఆ అధ్యక్షుడు మేనమామే.

ఇది గురువారం, పొద్దున పది గంటలు.

మేనమామ లోపలికి వచ్చి పడవను చూశాడు. అడుగు అక్కడే ఆగింది. రంగులు సరిగ్గా ఉన్నాయో లేదో మీరొకసారి చూసి చెప్పాలని మాత్రమే ఆమె ఫోన్‌లో అంది గానీ, ఏ పడవో చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఆయన కిక్కురుమనకుండా, ఆమె చూపించిన స్టూలు మీద కూర్చున్నాడు. డెబ్బై ఏళ్లకు దగ్గర పడుతున్న మనిషి. ఇస్త్రీ చొక్కా నలగలేదు, జుట్టుకు వేసిన రంగు చెదరలేదు. బొమ్మలక్క ఆయన్ని సరిగ్గా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టింది. వెలుతురు మొహం మీద పడాలి. ఆ మొహంలో ఒక్క కండరం కదిలినా తనకు తెలియాలి.

పాము పగ పన్నెండేళ్లంటారు. ఆమెది దానికంటే నాలుగేళ్లు పెద్దది.

బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకదాని మీద స్పిరిట్ అనీ, ఇంకోదాని మీద థిన్నర్ అనీ పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పుల్లలకు దూది చుట్టి ముందే వరసగా పేర్చుకుంది. ఒక పుల్లను స్పిరిట్‌లో ముంచి, పడవ అడుగున, ఎవరికీ కనిపించని చోట నిదానంగా దొర్లించింది. రుద్దలేదు. రుద్దితే రంగు లేస్తుంది. దొర్లిస్తే వార్నిష్ మాత్రమే మెత్తబడి దూదికి అంటుకుంటుంది. దూది పచ్చగా, జిగురుగా వచ్చింది. కింద ఎరుపు రంగు నిన్న వేసినట్టు మెరిసింది.

మేనమామ గొంతు సవరించుకుని కుశలప్రశ్నలు మొదలుపెట్టాడు. అక్కకు మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. మూడేళ్లుగా మెట్లు దిగలేదని ఆమె చెప్పింది. పడవ బాగానే ఉంది కదా, పాతదంటే పాతదిలాగే ఉండాలి, దీన్ని ఎందుకు కెలకడం అన్నాడు. ఆమె తల ఎత్తకుండా ఇంకో పుల్ల తీసుకుంది. అడుగు అయ్యాక పక్కలు. నీటి గీత దగ్గర ఆకుపచ్చ, దాని పైన తెలుపు. తండ్రి వేసిన రంగులు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే ఆమె ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. ఇవాళ ఏడవడానికి కాదు మేనమామను పిలిచింది.

ఇలా పుల్లలతో చేస్తే పొద్దుగూకినా తెమలదనీ, ఆ థిన్నర్ కాస్త పోసి తుడిస్తే క్షణంలో పోతుంది కదా అనీ ఆయన సలహా ఇచ్చాడు. మంచి మాట చెబుతున్నట్టే చెప్పాడు.

"థిన్నర్‌కు ఏది వార్నిషో ఏది రంగో తెలీదు మామయ్యా," అంది బొమ్మలక్క. "అది పడితే అన్నీ ముద్దయిపోతాయి. అతుకులూ, సందులూ ఏవీ మిగలవు. ఎవరు ఏది చేశారో కనిపెట్టడం ఇక ఎవరి తరమూ కాదు."

ఆయన కళ్లు ఆ సీసా మీద ఒక్క క్షణం నిలిచాయి. ఆమె చూసింది. చూడనట్టే ఉంది.

కాసేపయ్యాక తనే మాట కదిపింది. వార్నిష్ ఎందుకిలా తెల్లబడిందో తెలుసా అని అడిగింది. తెలియదన్నాడు. ముసురు పట్టినప్పుడు వేస్తే గాలిలోని తేమ అందులో చిక్కుకుని ఇలాగే అవుతుందనీ, నాన్న వానాకాలంలో వార్నిష్ డబ్బా మూత కూడా తీసేవాడు కాదనీ చెప్పింది. తొందరలో వేసి ఉంటాడులే అని ఆయన నసిగాడు.

"ఏ తొందరలో? ఈ పడవ ఎండాకాలంలో చేశాడు. నాలుగు నెలలు కార్ఖానాలో అందరూ చూశారు, అప్పుడు దీని మీద వార్నిషే లేదు. మొదటి ముసురు పట్టింది లాంచీ మునిగిన రోజున. విచారణ మొదలైంది పదకొండో రోజున. ఆ పది రోజులూ నాన్న ఏట్లో ఉన్నాడు, గజ ఈతగాళ్లతో పాటు శవాలు వెతుకుతూ. మరి బ్రష్షు పట్టిందెవరు?"

మేనమామ నీళ్లు నమిలాడు. తర్వాత నిజంగానే నీళ్లు అడిగాడు, గొంతు ఆరిపోతోందన్నాడు.

బొమ్మలక్క పుల్ల పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని లోపలి గదిలోకి వెళ్లింది. కుండలోంచి గ్లాసు ముంచడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె మాత్రం గోడకు ఆనుకుని, గ్లాసు చేత్తో పట్టుకుని, మనసులో అరవై దాకా లెక్కపెట్టింది. నలభై దగ్గర స్టూలు జరిగిన చప్పుడు వినిపించింది. యాభై దగ్గర సీసా మూత తిరిగిన చప్పుడు. ఆ రెండు చప్పుళ్లూ ఆమె చెవికి అమృతంలా సోకాయి.

తిరిగొచ్చేసరికి థిన్నర్ సీసా మేనమామ చేతిలో ఖాళీగా ఉంది. పడవ తడిసి ముద్దయి ఉంది. ముఖ్యంగా పై అంతస్తు. దాని అడుగు అంచులోంచి ధారలు కారి, బల్ల అంచు మీదుగా నేల మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి.

"చెయ్యి తగిలి ఒలికిపోయింది తల్లీ," అన్నాడు. కళ్లలో ఎక్కడో ఓ నిశ్చింత. గండం గడిచినవాడి నిశ్చింత.

బొమ్మలక్క తొందరపడలేదు. గ్లాసు ఆయన ముందు పెట్టింది. గుడ్డ తీసుకుని పడవను పైనుంచి కిందికి ఒత్తింది. తెలుపు తెలుపుగానే ఉంది, ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. ఒక్క చుక్క రంగు కూడా గుడ్డకు అంటలేదు. ఆ గుడ్డను ఆయన ముందు చాపి చూపించింది.

"అందులో పోసింది నీళ్లు మామయ్యా. ఇందాక మీరు అడిగినవీ, ఇప్పుడు మీరు పోసినవీ ఒకే కుండలోవి."

స్పిరిట్ కంపు గదంతా నిండి ఉండటంతో ఆయనకు ఆ తేడా తెలియలేదు. ఆమె వేలెత్తి బల్ల పైకి చూపించింది. దీపం కమ్మీకి బిగించిన ఫోన్ ఒకటి కిందికి చూస్తోంది. పాత వస్తువు మీద ఏ పని చేసినా మొదటినుంచి చివరిదాకా వీడియో తీయాలన్నది మ్యూజియం వాళ్ల నియమం. ఆ నియమం వినగానే ఆమెకు దేవుడు కనిపించినంత పనయింది. పడవ మీద చేసిన పని కొంత, ఆ పడవ మీదికి వంగి సీసా వంచిన మనిషి మొహం కొంత, అన్నీ అందులో పడ్డాయి.

మేనమామ మొహంలో రక్తం దిగిపోయింది. గ్లాసు అందుకోబోయి ఆగిపోయాడు. ఆ మొహం చూడటానికే ఆమె ఇన్నేళ్లు ఆగింది. కడుపు నిండుతుందనుకుంది. నిండలేదు, ఇంకా ఆకలేసింది.

స్పిరిట్‌తో పై అంతస్తు అడుగు అంచు వెంట తుడవడం మొదలుపెట్టింది. అక్కడ వార్నిష్ దళసరిగా, కన్నీటి చారల్లా గడ్డకట్టి ఉంది. ఒక్కో చోట ఆరేడు పుల్లలు మార్చాల్సి వచ్చింది. మెత్తబడ్డ వార్నిష్‌ను వెదురు బద్దతో మెల్లగా ఎత్తి తీసేసింది. కాసేపటికి ఒక గీత కనిపించింది, వెంట్రుక వాసి సందు. ఆ సందులో స్పిరిట్ చుక్క వేసి ఆగింది. ఇంకో చుక్క వేసింది. పై అంతస్తు ఒక మూల కదిలింది. పలచని కత్తి దూర్చి, ఊపిరి బిగబట్టి, పైకి లేపింది.

అగ్గిపెట్టె మూత వచ్చినట్టు వచ్చేసింది.

కింద, మొదటి అంతస్తు కప్పు తెల్లగా, మూడు పూతల రంగుతో, గాజులా నున్నగా ఉంది. పైన చెక్క అతికించబోయేవాడు కప్పు మీద మూడు పూతలు ఎందుకు వేస్తాడు? చుట్టూ రెయిలింగు కడ్డీల కోసం తండ్రి తొలిచిన చిల్లులు, వాటిని పూడ్చడానికి ఎవరో మెత్తిన లప్పం. కప్పుకు రెండు వైపులా నాలుగేసి చిన్న చిన్న చక్రాలు. తాడు చుట్టి, ఎరుపూ తెలుపూ పట్టీలు వేసి ఆయన చేసిన రక్షణ ట్యూబులు, మనుషులు నీళ్లలో పడితే విసిరేవి. పై అంతస్తు చదునుగా కూర్చోవడం కోసం వాటిని ఉలితో సగానికి చెక్కేశారు. అసలు లాంచీలోనూ వాటికి చోటు లేకుండా చేశారు. ఆ రోజు నీళ్లలో కొట్టుకుంటున్నవాళ్లకు విసరడానికి ఒక్కటంటే ఒక్కటి లేకపోయింది.

బొమ్మలక్క ఆ సగం చక్రాలను వేలి కొసతో తాకింది. ఎనిమిదీ తాకింది. తర్వాత పై అంతస్తును తీసి మేనమామ అరచేతిలో పెట్టింది.

"ఎవరు పెట్టారో మీ నోటితో చెప్పండి."

ఆయన ఆ చెక్కముక్కను అరచేతిలో ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత చెప్పాడు. ఎక్కువ మందిని ఎక్కించుకోవాలని లాంచీకి అంతస్తు పెంచింది తానే. వద్దని బావ రెండుసార్లు కొట్లాడాడు. మునిగాక, పైవాళ్లు నమూనా తెమ్మన్నప్పుడు, వేరే ఊరి వడ్రంగిని పిలిపించి ఈ ముక్క చేయించి అతికించాడు. అన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆగడం చేతకానట్టు చెప్పాడు.

ఆమె ముందే అనుకుని పెట్టుకున్న మాటలు బయటికి తీసింది.

"ఆదివారం రిబ్బను మీరే కత్తిరించండి మామయ్యా, నేనేం అడ్డురాను. కత్తిరించాక మైకు తీసుకుని, బోర్డు మీద రాసింది చదవండి. ఆ పదకొండు ఇళ్లవాళ్లూ ముందు వరసలో ఉంటారు. వాళ్ల మొహాలు చూస్తూ అది అబద్ధమని చెప్పండి. ఇప్పుడు నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గకుండా. మీరు చెప్పకపోతే వెనక గోడ మీద ఈ వీడియో వేయిస్తాను."

"చూపిస్తావా?"

"చూపిస్తాను."

"మొత్తమా? కొంత కోసి, కొంత చూపిస్తావా?"

"మొత్తం. మొదటినుంచి చివరిదాకా."

మేనమామ చెక్కముక్కను బల్ల మీద పెట్టాడు. ఏ కారణం వల్లో ఆయన భుజాలు సర్దుకున్నాయి. తల ఎత్తి, ఆమెను కాకుండా, పైనున్న ఫోన్‌ను సూటిగా చూశాడు.

"అయితే ఇది కూడా పడనీ. అంతస్తు అతికించింది నేనే, అది ఒప్పుకున్నాను. కానీ నేను జన్మలో బ్రష్షు పట్టినవాణ్ణి కాదు. ఆ వడ్రంగికీ వార్నిష్ రాదు. అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే, రేపో మాపో విచారణకు ఏం చూపించాలిరా భగవంతుడా అని తల పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మా అక్క వచ్చింది. మీ అమ్మ."

బొమ్మలక్కకు ముందు నవ్వొచ్చింది. మునిగిపోయేవాడు పక్కవాడి కాలు పట్టుకుంటాడు, ఇదీ అంతే అనుకుంది. అదే మాట ఆయన మొహాన అంది కూడా. ఆయన కోపగించుకోలేదు. గొడుగు కార్ఖానా గుమ్మంలో ఆనించి వచ్చిందనీ, మీ ఇంట్లోంచే వార్నిష్ డబ్బా కొంగు చాటున తెచ్చిందనీ, ముసురులో ఆరదని తెలిసీ మూడుసార్లు వేసిందనీ, వేస్తున్నంతసేపూ తనతో ఒక్క మాట మాట్లాడలేదనీ చెప్పాడు. ఎందుకు వేసిందో తాను అడగలేదన్నాడు. అడిగితే ఆపేస్తుందేమోనని భయపడ్డానన్నాడు.

కొంగు చాటున తెచ్చిన డబ్బా దగ్గర ఆమె నవ్వు ఆగిపోయింది.

ఆ పది రోజుల్లో ఒక సాయంత్రం, ఏటి బురద మోకాళ్లదాకా అంటుకుని ఇంటికొచ్చిన తండ్రి, అలమారలో వార్నిష్ డబ్బా కనిపించక, ఏదని అడిగాడు. గడ్డకట్టుకుపోతే పారేశానని తల్లి చెప్పింది. ముందురోజు పొద్దున ఆ డబ్బా మూత తీసి చూసింది బొమ్మలక్కే. నీళ్లలా పలచగా ఉంది. తల్లి అబద్ధం ఎందుకు చెప్పిందా అనుకుని, ఇంట్లో అంత పెద్ద గొడవలో అదొక లెక్కా అని మరిచిపోయింది. పదహారేళ్లు మరిచిపోయింది.

బల్ల మీది స్పిరిట్ సీసా, పుల్లలు, పచ్చటి దూది కుప్ప అన్నీ ఒక్కసారిగా మసకబారాయి. తండ్రి పరువు బజారున పడుతుంటే తలుపు మూసుకుని ఏడ్చిన తల్లి. ఆయన మంచాన పడితే రెండేళ్లు చేతుల మీద సాకిన తల్లి. ఆదివారం ముందు వరసలో పదకొండు ఇళ్లవాళ్లు కూర్చుంటారు. గోడ మీద వీడియో నడుస్తుంది. అందులో ఈ మాటలు వినిపిస్తాయి. ఆ తర్వాత ఈ వీధిలో మనుషులు ఎవరిని చూసి పక్కకు తప్పుకుంటారు?

నిజం బయటికి రావాలని పదహారేళ్లు పళ్లు కొరికిన మనిషి చెయ్యి, తనకు తెలియకుండానే పైకి లేచింది. ఫోన్ వైపు వెళ్లింది. ఆపేసి, వెనక్కి తిప్పి, ఆ కాస్త ముక్క కోసేస్తే చాలు. మేనమామ ఆ చేతినే చూస్తున్నాడు. ఆయన పెదవుల చివర, ఇందాక పోయిన ధైర్యం మెల్లగా తిరిగి వస్తోంది.

"అది ఆపకు."

ఇద్దరూ ఒక్కసారే తిరిగి చూశారు. లోపలి మెట్ల చివర, ఒక చేత్తో గోడనూ ఇంకో చేత్తో కమ్మీనీ పట్టుకుని తల్లి నిలబడి ఉంది. నొప్పికి పై పెదవి మీద చెమట పట్టింది. ఎప్పటినుంచి ఉందో, ఎంత విందో తెలియదు. తమ్ముణ్ణి పలకరించలేదు. అన్ని మెట్లు ఎలా దిగావమ్మా అని కూతురు చెయ్యి అందివ్వబోతే పట్టుకోలేదు. ఒక్కో అడుగే వేసుకుంటూ బల్ల దాకా వచ్చి, రెండు ముక్కలైన పడవను చూసి, మేనమామను స్టూలు మీదినుంచి లేవమన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన లేచాడు. ఆవిడ కూర్చుంది, కిటికీకి ఎదురుగా, వెలుతురు మొహం మీద పడేలా.

"మీ నాన్న పోయే ముందు వారం నన్నడిగాడు, ఆ వార్నిష్ నీ చేత్తోనే వేశావు కదూ అని," అంది తల్లి. "ఆయనకు ఏం చెప్పానో అదే ఇప్పుడు చెబుతాను. విన్నాక, ఆదివారం ఎవర్ని నిలబెట్టాలో నువ్వే తేల్చుకో."